తొమ్మిదిలో ఏడు, నాలుగో నంబర్ సిస్టమ్

మేము గంటల లెక్కన ఆటలాడుకునే నెట్ సెంటర్‌లో పది కంప్యూటర్ సిస్టమ్‌లు ఉండేవి. అందులో పెద్ద ఆటలు నడవడానికి కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు ఉన్నది ఒక్క నాలుగో నంబర్‌కే. ఆ నాలుగో నంబర్ కోసం ఎన్ని గొడవలు జరిగాయో చెప్తే ఇప్పటి పిలకాయలు నమ్మరు, ఎందుకంటే వాళ్ళ చేతిలో ఉన్న ఫోన్లు ఆ సెంటర్ మొత్తాన్ని కలిపినా అంతకన్నా స్పీడు.

అప్పుడు 2002. నేను ఇంటర్ సెకండియర్. నెల్లూరు మూలాపేటలో మా మేనత్త వాళ్ళింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. సొంతూరు సూళ్ళూరుపేట. 2022లో మా ఊరిని తిరుపతి జిల్లాలో కలిపేశారు గానీ, ఇప్పటికీ నన్నెవరైనా ఏ జిల్లా అంటే నోటికొచ్చేది నెల్లూరే, అది ఇక మారదు. మా అత్త రోజూ బస్సుకని డబ్బులిచ్చేది, నేను కాలేజీ నుంచి నడిచొచ్చి ఆ చిల్లర దాచుకుని వారానికి రెండు మూడు గంటల ఆట కొనుక్కునేవాణ్ణి. గంటకి 20 రూపాయలు. నాలుగో నంబర్ అయితే 25.

సెంటర్ పొగతోటలో, ఆస్పత్రుల మధ్య ఒక సందులో ఉండేది. కింద మెడికల్ షాపు, పైన మేము. మెట్లెక్కుతుంటే టింక్చర్ వాసన, పైకెళ్ళాక వేడెక్కిన మానిటర్ల వాసన. సెంటర్ నడిపే అన్న నెలకోసారి మద్రాసు పోయి రిచ్చీ స్ట్రీట్‌లో పార్టులు కొనుక్కొచ్చేవాడు. ఒక్క సిస్టమ్ కూడా మొత్తం ఒకే కంపెనీది కాదు. ఒకదాని కీబోర్డులో అక్షరాలు అరిగిపోయి అంతా తెల్లగా ఉండేది, ఇంకోదాని క్యాబినెట్‌కి పక్క రేకు లేదు, నాలుగో నంబర్‌కైతే రేకు తీసేసి ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టేవాడు, కార్డు వేడెక్కి స్క్రీను గళ్ళు గళ్ళుగా పడకుండా. ఎండాకాలంలో ఆ ఫ్యాను మాకు కావాలా కార్డుకి కావాలా అన్నది పెద్ద చర్చ. అన్న ఎప్పుడూ కార్డు వైపే.

ఆ నాలుగో నంబర్‌లో ఒక రోజు కొత్త ఐకాన్ కనిపించింది. స్టార్ ట్రెక్ వాయేజర్, ఎలైట్ ఫోర్స్ అనే ఆటది. మద్రాసు నుంచి వచ్చిన సీడీ, పైన స్కెచ్ పెన్నుతో రాసి ఉంది, ఒరిజినల్ కాదని వేరే చెప్పక్కర్లేదు కదా. మాలో ఎవడికీ స్టార్ ట్రెక్ అంటే తెలీదు. స్టార్ వార్స్‌కి తమ్ముడనుకున్నాం. అదొక టీవీ సీరియల్ అని, 1995 నుంచి 2001 దాకా అమెరికాలో ఏడు సీజన్లు వచ్చిందని, అందులో వాయేజర్ అనే అంతరిక్ష ఓడ భూమికి 70,000 కాంతి సంవత్సరాల అవతల చిక్కుకుపోతుందని, ఎంత వేగంగా వచ్చినా ఇంటికి చేరడానికి 75 ఏళ్ళు పడుతుందని, ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. మాకు అప్పటికి తెలిసిందల్లా తుపాకీ ఉంది, కాల్చొచ్చు.

ఆటని చేసింది రేవెన్ సాఫ్ట్‌వేర్, అమ్మింది యాక్టివిజన్, 2000 సెప్టెంబర్‌లో వచ్చింది. క్వేక్ త్రీ అనే కాల్పుల ఆట ఇంజన్ మీద కట్టిన ఆట కాబట్టి, క్వేక్ కొంచెం అలవాటున్నవాడికి మొదటి నిమిషంలోనే చెయ్యి కుదిరిపోతుంది. అదే పరుగు, అదే గెంతు. మౌస్ మాత్రం మన చేతిలో లేదు. బాల్ మౌస్‌లు కదా, రెండు గేములు ఆడగానే పైకి జరిపితే పక్కకి పోయేది. అడుగున మూత తిప్పి, బంతి అరచేతిలోకి దొర్లించుకుని, లోపలి రోలర్ల మీద పేరుకున్న నల్లటి మురికిని గోటితో గీరితే అది చుట్టలు చుట్టలుగా ఊడొచ్చేది. ఆ పని చేసిన గోరుతోనే కారం దోశ తినేవాళ్ళం. ఏం కాలేదు మాకు.

మొదటి మిషన్ బోర్గ్ క్యూబ్ అనే ఓడలో. బోర్గ్ అంటే సగం మనిషి సగం యంత్రం, ఒంటినిండా గొట్టాలు, ఒక కంటి దగ్గర ఎర్రటి లైటు, వాళ్ళకి సొంత బుద్ధి ఉండదు, అందరిదీ ఒకటే మెదడు. ఎవరినైనా పట్టుకున్నారంటే వాళ్ళనీ తమలో కలిపేసుకుంటారు. గమ్మత్తేంటంటే మనం కాల్చనంత సేపు వాళ్ళు మనల్ని అసలు లెక్కచెయ్యరు. ఎదురుగా వస్తారు, భుజం రాసుకునేంత దగ్గరగా నడిచి, తమ పని మీద తాము పోతారు. కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో కాల్పుల ఆటలో తలుపు చాటు నుంచి చెప్పు కనిపించినా కాల్చేసిన మాకు ఇది తట్టుకోలేని విషయం. నా వెనక ఐదుగురు నిలబడి ఉన్నారు. "రేయ్ కాల్చరా! యాడికి పోతుండాడో చూడు, కాల్చరా!" అని ఒకడు, "వద్దురా, పోనీ వాణ్ణి" అని ఇంకోడు. నేను కాల్చాను. ఇంకేముంది, గోడల్లో నిలబడి నిద్రపోతున్నవాళ్ళందరూ లేచారు.

మనం ఆడే మనిషి పేరు మన్రో. హజార్డ్ టీమ్ అని, ప్రమాదం ఉన్న చోటికి పంపడానికి టువాక్ అనే ఆఫీసర్ తయారుచేసిన చిన్న దళంలో ఒకడు. ఆ మొదటి మిషన్ చివర్లో మిగతా టీమ్ బోర్గ్ చేతికి చిక్కుతుంది, వాళ్ళని విడిపించే కంగారులో మన్రో ఒక యంత్రాన్ని కాల్చేస్తాడు, అది పేలి అందరూ పోతారు. మేము తలలు పట్టుకున్నాం, ఇంతేనా ఆట, 25 రూపాయలకి పది నిమిషాలా అని. అంతలో లైట్లు వెలిగాయి. అదంతా హోలోడెక్ అనే గదిలో జరిగిన రిహార్సల్! నిజంగా ఎవరూ చావలేదు. టువాక్ వచ్చి మన్రోకి క్లాసు పీకుతాడు, అచ్చం మా ఫిజిక్స్ సారులా, గొంతు పెంచకుండా, ముఖంలో ఏమీ కనిపించనీకుండా, ఒక్కొక్క మాటా లెక్కపెట్టి. మా బ్యాచ్‌లో ఒకడికి ఆ రోజు నుంచి టువాక్ సారు అనే పేరు ఖాయమైపోయింది. వాడిప్పుడు నిజంగానే లెక్చరర్.

ఆ తర్వాతే అసలు కథ మొదలవుతుంది. ఎవరిదో తెలియని ఓడ ఒకటి వాయేజర్ మీద పడుతుంది, వీళ్ళు దాన్ని పేల్చేస్తారు, ఆ పేలుడు దెబ్బకి వాయేజర్ వెళ్ళి ఒక ఓడల శ్మశానంలో పడుతుంది. ఎక్కడెక్కడి ఓడలో, ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో, విరిగి తేలుతూ ఉంటాయి. మధ్యలో ఫోర్జ్ అని ఒక పెద్ద కట్టడం, వీళ్ళందరినీ అదే పట్టి ఉంచింది. ఈ శ్మశానంలో స్కావెంజర్స్ అనే గుంపు ఒకటి ఉంటుంది. చిక్కుకుపోయిన రకరకాల జాతులవాళ్ళు, క్లింగాన్లు, మనుషులు, మలోన్లు, అంతా కలిసి, దొరికిన ఓడల ముక్కల్ని ఒకదానికొకటి అతికించి అందులో బతుకుతుంటారు. ఒక తలుపు దాటితే గోడ రంగు మారిపోతుంది, లైటు మారిపోతుంది, ఇది వేరే ఓడ ముక్క అని తెలిసిపోతుంది. ఆ లెవెల్ మొదటిసారి ఆడుతున్నప్పుడు నా వెనకున్న వాడొకడు చుట్టూ ఒకసారి చూసి, "ఒరే, ఇది మన సెంటర్‌రా" అన్నాడు. క్యాష్ కౌంటర్ దగ్గర అన్నకి వినపడింది. నాలుగు రోజులు మాకు నాలుగో నంబర్ ఇవ్వలేదు.

ఇక అక్క గురించి చెప్పాలి. అసలు ఈ పోస్టు మొదలుపెట్టిందే అందుకు.

అన్నకి చెల్లెలు, డిగ్రీ చివరి సంవత్సరం. అన్న మద్రాసు పోయినప్పుడూ, మధ్యాహ్నం భోజనానికి పోయినప్పుడూ కౌంటర్‌లో తను కూర్చునేది. అందరం అక్కా అనేవాళ్ళం, మాకన్నా మహా అయితే మూడేళ్ళు పెద్ద. మేమెంత అరిచినా తల ఎత్తేది కాదు, కానీ గంట దాటి ఒక్క నిమిషం అయినా "అబ్బాయ్, నాలుగో నంబర్, లే" అని గొంతు వచ్చేది. అయిదు నిమిషాలు అడిగితే, "అయిదు రూపాయలు పెట్టు, పది నిమిషాలు కూర్చో" అనేది. లెక్కల్లో ఆమెని మించినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నేను త్వరగా వెళ్ళాను. ఆ టైముకి సెంటర్ ఖాళీ. చూస్తే నాలుగో నంబర్ ముందు అక్క. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పక్కన రూళ్ళ నోట్‌బుక్ తెరిచి, ఎలైట్ ఫోర్స్ ఆడుతోంది. ఆడుతోంది అనడం కూడా తప్పు, నడుస్తోంది. ఈ ఆటలో మిషన్‌కీ మిషన్‌కీ మధ్య మనం వాయేజర్‌లో తిరగొచ్చు. మేమెప్పుడూ ఆ భాగంలో పరిగెత్తేవాళ్ళం, తలుపు ఎక్కడ, తుపాకీ ఎప్పుడిస్తారు అని. అక్క మాత్రం ప్రతి కారిడార్‌లో ఆగుతోంది. ఇద్దరు సిబ్బంది మాట్లాడుకుంటుంటే వాళ్ళ దగ్గర నిలబడి చివరిదాకా వింటోంది. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకుని, తెలియని మాట వస్తే నోట్‌బుక్‌లో రాసుకుంటోంది.

ఇంకోటి గమనించాను. చేతులు వేరేగా ఉన్నాయి, గొంతు వేరేగా ఉంది. మన్రో అలెగ్జాండర్ కాదు, అలెగ్జాండ్రియా. ఆట మొదట్లోనే మన్రో మగా ఆడా ఎంచుకోవచ్చట! మేము నెల రోజులుగా ఆడుతున్నాం, ఆ మెనూ ఉన్నట్టే ఒక్కడూ చూడలేదు. అందరూ మన్రో అనో అలెక్స్ అనో పిలుస్తారు కాబట్టి మాటలు రెండింటికీ సరిపోతాయి.

"కథ ఎందుకక్కా, కాల్పుల దగ్గరికి పోదాం" అన్నాను.

"మీకు ఎంతసేపూ కాల్చడమేనా? ఇంగ్లిష్ వింటున్నా నేను. ఇంటర్వ్యూల్లో పనికొస్తది" అంది.

ఇంగ్లిష్ కోసం అని ఆమె అన్నా, నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. కెప్టెన్ జేన్‌వే మాట్లాడినప్పుడల్లా ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసేది. కెప్టెన్ ఆడమనిషి. ఓడలో నూటయాభై మంది దాకా ఉంటారు, అందరూ ఆమె మాటకి కట్టుబడి ఉంటారు, అందులో ఒక్కడు కూడా ఆడదాని మాట మేము వినేదేంటి అనడు. ఆ గొంతు కేట్ మల్‌గ్రూది, సీరియల్‌లో ఆ పాత్ర వేసినామెదే. టీవీలో వేసినవాళ్ళలో చాలామంది ఈ ఆటకీ తమ గొంతే ఇచ్చారు. సెవెన్ ఆఫ్ నైన్ పాత్రకి మాత్రం మొదట వేరేవాళ్ళ గొంతు పెట్టారట, 2001లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్, అంటే ఆటకి అదనపు భాగం, వచ్చేటప్పటికి సీరియల్‌లో ఆ పాత్ర వేసిన జెరీ రయన్ అసలు గొంతు చేరిందట. మా సీడీలో ఏ గొంతుందో నేను చెప్పలేను, మాకు ఆ స్పీకర్లలో అందరి గొంతూ ఒకేలా వినపడేది.

సెవెన్ ఆఫ్ నైన్ అంటే మేము పడీ పడీ నవ్వాం. "తొమ్మిదిలో ఏడు ఏందిరా, ఎవరైనా పిల్లకి అట్టాంటి పేరు పెడతారా, స్లిప్ టెస్ట్ మార్కులా?" అని. అక్కే చెప్పింది, బోర్గ్ దగ్గర పేర్లుండవు, తొమ్మిది మంది గుంపులో ఏడోది అని అర్థం, చిన్నప్పుడు పట్టుకుపోయి యంత్రం చేశారు, వాయేజర్ వాళ్ళు విడిపించి మళ్ళీ మనిషిని చేస్తున్నారు అని. అంతా నెట్‌లో చదివిందన్నమాట. పేజీ తెరుచుకోవడానికి పట్టే టైములో ఒక టీ తాగేయొచ్చు, అయినా చదివింది.

బోర్గ్ మీద మేము చస్తూ ఉన్న లెవెల్ దాటించింది కూడా ఆమే. మామూలు తుపాకీతో రెండు మూడు సార్లు కాలిస్తే బోర్గ్ దానికి అలవాటు పడిపోతారు, తర్వాత ఎన్నిసార్లు కాల్చినా చుట్టూ పచ్చగా ఒక కవచం మెరుస్తుంది, గుండు దిగదు. మేము రెండు వారాలు అక్కడే తల బాదుకున్నాం, ఆటలో బగ్ ఉందని అన్నతో పోట్లాడాం కూడా. అక్క వెనక నుంచి వచ్చి, "ఐమాడ్ వాడండిరా, తొమ్మిదిలో ఏడు దాన్ని మీకోసమేగా చేసిచ్చింది, మిషన్‌కి ముందు మీటింగ్‌లో చెప్తారు, మీరు ఆ మీటింగ్ వింటేగా" అంది. దాని దెబ్బ ఒక్కోసారి ఒక్కోలా మారుతూ పోతుందట, అందుకని బోర్గ్‌కి అలవాటు పట్టే వీలుండదు. వాడాం. ఒక్కో దెబ్బకి ఒక్కోడు. ఆ రోజు అయిదుగురం చందాలేసుకుని అక్కకి మలై కాజా తెచ్చిచ్చాం.

ఆమె పట్టుకున్న ఇంకో చిన్న విషయం నాకు ఇప్పటికీ ఇష్టం. ఈ రకం ఆటల్లో హీరో ఒక్కడే ఏడెనిమిది తుపాకులు మోస్తాడు, యాడ పెట్టుకుంటాడో ఎవడూ అడగడు. ఇందులో దానికీ ఒక లెక్క ఉంది. వాళ్ళ డ్రెస్‌లోనే చిన్న ట్రాన్స్‌పోర్టర్ ఉంటుంది, తుపాకులన్నీ దాంట్లో కరిగి దాగుంటాయి, కావాల్సినప్పుడు చేతిలోకి వచ్చేస్తాయి. "చూడు, ఎంత శ్రద్ధో" అంది అక్క. నేను అంతకుముందు ఏ ఆటలోనూ ఆ ప్రశ్నే వేసుకోలేదు.

నాది శ్రీహరికోట పక్కనున్న సూళ్ళూరుపేట అని తెలిశాక ఆమెకి నా మీద కొంచెం గౌరవం పెరిగింది, నేను చేసిందేమీ లేకపోయినా. "మీ ఊర్లో నుంచి రాకెట్ కనపడతదంట కదా" అంది. ఆ సంవత్సరం వినాయక చవితికి ఊరెళ్ళి, కాలేజీకి జ్వరమని చెప్పి రెండు రోజులు ఎక్కువ ఉండిపోయాను, సెప్టెంబర్ 12న సాయంత్రం నాలుగవడానికి కాస్త ముందు పీఎస్ఎల్వీ పోతుందని తెలిసి. అది మెట్‌శాట్, వాతావరణం కోసమని ఇస్రో చేసిన ఉపగ్రహం, వెయ్యి కిలోల పైన బరువు. మిద్దె మీదకెక్కితే తూర్పున చెట్ల మీదుగా ముందు వెలుగు లేస్తుంది, చప్పుడు ఉండదు. తెల్లటి తోక సాగుతూ పైకి పోతుంది. అప్పుడు, బాగా ఆలస్యంగా, కిటికీ రెక్కలు గడగడలాడతాయి. మా నాయనమ్మ ఆ గడగడ వినపడగానే ఉట్టి కింద గిన్నె జరిపేది. ఎందుకో ఆమెకే తెలియాలి. ఇదంతా అక్కకి చెప్తే నోట్‌బుక్ మూసి విన్నది. వెలుగు ముందా చప్పుడు ముందా అని రెండుసార్లు అడిగింది.

సేవ్‌ల సంగతి, అంటే ఎంతదాకా ఆడామో కంప్యూటర్‌లో దాచుకున్న దాని సంగతి, చెప్పడం మర్చిపోయా. డిసెంబర్‌లో వైరస్ వచ్చిందని ఎవరో కుర్రాణ్ణి పిలిపించి నాలుగో నంబర్‌ని ఫార్మాట్ కొట్టించాడు అన్న. మా అందరి సేవ్‌లూ పోయాయి. నేను ఫోర్జ్ దాకా వచ్చి ఉన్నాను, టీమ్ లీడర్ ఫాస్టర్‌ని బోర్గ్ ఎత్తుకుపోయి మన్రోనే లీడర్ అయ్యి చాలా దూరం వచ్చేశాను, మొత్తం గాలికి పోయింది. మేము అన్నని తిట్టుకుంటూ కౌంటర్ స్ట్రైక్‌కి పోయాం. అక్క మాత్రం ఏం మాట్లాడకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అన్ని కారిడార్లూ, మళ్ళీ అందరి మాటలూ.

జనవరిలో కౌంటర్ అద్దానికి, రేట్ల కాగితం కింద, పేపర్లో వచ్చిన కల్పనా చావ్లా ఫొటో సెల్లో టేపుతో అంటించి కనిపించింది. నారింజ రంగు డ్రెస్, చేతిలో హెల్మెట్. ఆమె ఎక్కిన కొలంబియా స్పేస్ షటిల్ 16న పైకి పోయింది. అక్క రోజూ ఇవాళ ఎన్నో రోజు అని చెప్పేది, అడగకపోయినా.

ఫిబ్రవరి 1 శనివారం. నేను ఏడు దాటాక వెళ్ళాను. కింద మెడికల్ షాపులో టీవీ ఉండేది, ఎనిమిది కొట్టేసరికి దాని ముందు జనం మూగారు. దిగడానికి ఇంకా పావుగంట ఉందనగా కొలంబియా ఆకాశంలోనే ముక్కలైపోయిందని, ఏడుగురూ పోయారని. మేం పైకి పరిగెత్తాం. అక్క ఏదో న్యూస్ పేజీ తెరుస్తోంది, అది సగం దాకా వచ్చి ఆగిపోతోంది, మళ్ళీ రిఫ్రెష్ కొడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. గంట దాటిపోయినా నన్ను లెమ్మనలేదు, నేనే లేచి డబ్బులిస్తే చిల్లర ఇవ్వడం మర్చిపోయింది.

ఆ వారంలోనే మెట్‌శాట్‌కి కల్పన పేరు పెడుతున్నట్టు ప్రధాని వాజ్‌పేయి ప్రకటించారు. నేను పేపర్ పట్టుకుని వెళ్ళి, "అక్కా, ఇది నేను మా మిద్దె మీద నుంచి చూసిన రాకెట్టే" అన్నాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను, వెలుగు, తోక, కిటికీలు. ఈసారి నాయనమ్మ గిన్నె దగ్గర నవ్వలేదు.

తర్వాత పరీక్షలు. మా మామ నన్ను ఇంట్లో నుంచి కదలనివ్వలేదు. మార్చిలో ఆఖరి పేపర్ రాసి ఆ సాయంత్రమే సెంటర్‌కి పోయాం నలుగురం. అక్క ఆట అయిపోయిందని చెప్పింది. అయిపోవడమేంటి, మేము లేకుండానా! మొత్తం చెప్పమని చుట్టూ కూర్చున్నాం. ప్లైవుడ్ క్యాబిన్ బయట, స్టూళ్ళ మీద, కారం దోశ పొట్లాలు విప్పుకుని. అక్క చెప్పింది. ఫోర్జ్ లోపల వోర్సోత్ అని ఒక భూతం ఉందని, అది పట్టుకున్న జాతులన్నింటినీ కలగలిపి కొత్త సైన్యాన్ని తయారు చేస్తోందని, అలెగ్జాండ్రియా దాని ముందు ఎన్నిసార్లు చచ్చిందో, చివరికి స్తంభాల చాటున ఎట్టా తిరిగి కొట్టిందో చేతులతో చూపించింది. "అప్పుడు ఓడ బయటపడింది. పడి, నేరుగా ఇంటికి పోయింది. భూమికి. అందరూ దిగారు" అంది.

ఒకడు చప్పట్లు కొట్టాడు. ఆ ఏడాది అంతా ఆడిన ఆట చివర మేము కళ్ళతో చూడలేదు, కానీ చూసినట్టే ఉండేది నాకు. ఓడ దిగుతున్నట్టు, కెప్టెన్ ముందు నడుస్తున్నట్టు, వెనక అలెగ్జాండ్రియా. నా మనసులో ఆ అలెగ్జాండ్రియాకి ఏ ముఖం ఉండేదో చెప్పను.

సెంటర్ 2006లో మూతపడింది. ఇంటింటికీ కంప్యూటర్ వచ్చాక ఎవరొస్తారు. అక్కకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, మళ్ళీ నెల్లూరుకే వచ్చేసి మాగుంట లేఅవుట్‌లో ఉంటోంది. నేను చెన్నైలో. పండగలకి మెసేజ్, పుట్టినరోజుకి మెసేజ్, అంతే.

2021లో ఎలైట్ ఫోర్స్, పాత ఆటలు అమ్మే గాగ్ సైట్‌లో అమ్మకానికి వచ్చింది. చూడగానే కొనేశాను. ఈ ఆటకి నా జీవితంలో మొదటిసారి డబ్బు కట్టాను, కొంచెం సిగ్గుగానూ అనిపించింది. ఎక్స్‌పాన్షన్ కూడా ఉంది, అందులో కాల్పులు లేకుండా వాయేజర్ అంతా ఊరికే తిరిగే మోడ్ ఒకటి ఉంది, డెక్కులకి డెక్కులు. అరే ఇది అప్పుడు అక్క చేతిలో పడుంటే సెంటర్ కరెంటు బిల్లు ఏమయ్యేదో అనుకున్నా. ఈసారి నేను కూడా అలెగ్జాండ్రియానే ఎంచుకున్నాను. ప్రతి కారిడార్‌లో ఆగాను. టువాక్ తిట్టేటప్పుడు ఏమంటాడో ఇన్నేళ్ళకి పూర్తిగా అర్థమైంది. ఇప్పుడు చూస్తే ఆట పెద్దదేమీ కాదు, రెండు మూడు రాత్రుల్లో అయిపోయింది. ముఖాలు చెక్క బొమ్మల్లా ఉన్నాయి. ఫోర్జ్ లెవెల్స్ ఒక మాదిరిగానే ఉన్నాయి, స్కావెంజర్స్ ఓడ మాత్రం ఇప్పటికీ అద్భుతం.

వోర్సోత్‌ని కొట్టాను, ఏడోసారికి. ఓడ శ్మశానం నుంచి బయటపడింది. నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను, ఇక దిగుతుంది, ఇక దిగుతుంది అని.

దిగలేదు. ఇంటికి పోలేదు. ఓడ ఎక్కడ చిక్కిందో ఆ దూరపు ఆకాశంలోనే మళ్ళీ తన దారి పట్టింది, అంతే, పేర్లు పడ్డాయి. నాకు నమ్మకం కుదరక పేర్లు అయిపోయేదాకా చూశాను, చివర్లో ఏమైనా ఉంటుందేమోనని. ఏమీ లేదు. తర్వాత వెతికితే, భూమికి చేరడం ఎలైట్ ఫోర్స్ రెండో భాగం మొదట్లో ఉందని తెలిసింది, అది వేరే కంపెనీ చేసింది, వచ్చింది 2003 జూన్‌లో. అక్క మాకు కథ చెప్పింది మార్చిలో.

రాత్రి పదిన్నరకి మెసేజ్ పెట్టాను. "అక్కా, ఓడ ఇంటికి పోలేదు. నువ్వు పోయిందని చెప్పావు."

పొద్దున్నే వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కుక్కర్ రెండు కూతలు వేసింది, ఎవరో పిల్లాడు సాక్సు కోసం అరుస్తున్నాడు. "ఏందబ్బాయ్, రాత్రిపూట నిద్ర లేదా నీకు? ఆటలో పోలేదు, అవును. సీరియల్‌లో పోయింది కదా, 2001లోనే పోయింది, అప్పుడే నెట్‌లో చదివా. అది చెప్పా. మీరు పరీక్షలు రాసొచ్చి ఆకలి మీదున్నారు, ఆటలో చేరిందా సీరియల్‌లో చేరిందా అని అప్పుడు మీకు విడమరిచి చెప్పాలా నేను?" కాసేపు ఏమీ లేదు, గ్యాస్ తగ్గించిన చప్పుడు. "సంక్రాంతికి వస్తే ఆ లాప్‌టాప్ తీసుకురా. చివరిది స్తంభాల చాటు నుంచే కొట్టావా, లేక గెంతుతా కొట్టావా?"

గెంతుతూనే కొట్టాను. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.